వెంట్రుకవాసిలో యాభయ్యో వంతు

పెద్ద ప్రమాదం కొద్దిలో తప్పిపోతే ‘వెంట్రుకవాసిలో తప్పింది’ అంటారు. వాడుకలో అంతకంటె చిన్న కొలత లేదు. కాని విజ్ఞానశాస్త్రానికి వెంట్రుక మందం కూడ పెద్దదే. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాను. వెంట్రుక మందం సుమారు వంద మైక్రాన్లు.

ఇంత చిన్న కొలతలు శాస్త్రజ్ఞులకే గాని విద్యార్థులకెందుకని కొందరి అభిప్రాయం. అది సరికాదు. హబుల్ దూరదర్శిని చరిత్రే ఇందుకు నిదర్శనం.

అమెరికా 1990 ఏప్రిల్‌లో దీనిని అంతరిక్షంలోకి పంపింది. దీని ప్రధాన దర్పణం వ్యాసం 2.4 మీటర్లు. అది పంపిన తొలి చిత్రాలు మసకగా వచ్చాయి. దర్పణం అంచు ఉండవలసినదానికంటె సుమారు 2.2 మైక్రాన్లు చదునైందని తేలింది. అంటే వెంట్రుకవాసిలో దాదాపు యాభయ్యో వంతు!

నునుపు చేసినవారి పనితనంలో లోపం లేదు. లోపం కొలిచే సాధనంలో ఉంది. దర్పణం ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు చోటు తప్పి అమరింది. ఆ పరికరాన్ని నమ్మి, దర్పణాన్ని ఎంతో కచ్చితంగా తప్పు ఆకారానికి అరగదీశారు.

మరి రెండు పరికరాలు ఈ దోషాన్ని ముందే చూపాయి. అవి అంత సూక్ష్మమైనవి కావని వాటి సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. అసలు తప్పు ఇదే. కటకం చోటు తప్పడం పొరపాటు. హెచ్చరికను వినకపోవడం అహంకారం.

1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దోషాన్ని సరిదిద్దే అద్దాలను అమర్చారు. దోషమెంతో కచ్చితంగా తెలిసినందువల్లనే ఆ చికిత్స సాధ్యమైంది. చెరచినదీ కొలతే, బాగుచేసినదీ కొలతే.

పాఠశాలలోని స్క్రూగేజి మిల్లీమీటరులో నూరవ వంతును కొలవగలదు. దాని శూన్యాంశ దోషాన్ని చూడకుండ తీగ మందం కొలిస్తే, ఎన్నిసార్లు కొలిచినా అదే తప్పు వస్తుంది. ఒక కొలత మిగిలినవాటితో కలవనప్పుడు దానిని కొట్టివేసి, పక్కవారి అంకె వేసుకొనే విద్యార్థులు కొందరున్నారు. మార్కులు రావచ్చు గాని విద్య రాదు. కలవని అంకెను అలాగే వ్రాసి, ఎందుకు కలవలేదో వెదకాలి. ఉపాధ్యాయులు అట్టి విద్యార్థిని మెచ్చుకోవాలి.

కొలిచే సాధనాన్నీ కొలిచి చూడటమే శాస్త్రం. ఎదురు చెప్పే సాక్ష్యాన్ని ఓపికగా వినడమే శాస్త్రజ్ఞుని సంస్కారం.