ఆన్‌లైన్ ఆటలు: ఫోనా? కంప్యూటరా?

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని సామెత. కొత్త పనిముట్టు ఏది వచ్చినా ఇక పాతదానికి కాలం చెల్లిందని అనుకోవడం లోక సహజం. ఆన్‌లైన్ ఆటల విషయంలోనూ నేడు అదే మాట వినిపిస్తున్నది. దూరదూరాన ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడే ఆటలే ఆన్‌లైన్ ఆటలు. ఒకప్పుడు వీటిని కంప్యూటర్ల మీదనే ఆడేవారు. ఇప్పుడు ఎక్కువమంది మొబైల్ ఫోన్లలో ఆడుతున్నారు. మరి ఫోను వచ్చి కంప్యూటరును పూర్తిగా తొలగిస్తుందా? ఇది పైకి ఆటల ముచ్చటలా కనిపించినా, పిల్లల చదువుతోనూ బతుకుతోనూ ముడిపడిన ప్రశ్న.

పాత పనిముట్టు, కొత్త పనిముట్టు అనే విషయం ఠాణే జిల్లాలోని భివండి పట్టణానికి తెలిసినంతగా మరొక ఊరికి తెలియదేమో! తెలంగాణ పల్లెల్లో చేమగ్గం మీద బతుకు గడవక ఎన్నో పద్మశాలి కుటుంబాలు ఈ ఊరికి వలస వచ్చాయి. 1982లో బొంబాయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగిన తరువాత భివండిలో మరమగ్గాలు మరింత పెరిగాయి. మరమగ్గాన్ని మనవాళ్లు ‘సాంచె’ అంటారు. పద్మనగర్‌లో తాతలు చేమగ్గం నేసినవారైతే, తండ్రులు సాంచెలు నడిపినవారు.

అయితే సాంచె వచ్చి చేమగ్గాన్ని పూర్తిగా తుడిచిపెట్టిందా? లేదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా ప్రజలు ఆ వృత్తిలోనూ, అనుబంధ పనుల్లోనూ ఉన్నారు. పోచంపల్లి, గద్వాల చీరలకు నేటికీ గిరాకీ ఉన్నది. చవకగా, వేగంగా నేయగల సాదా బట్టను సాంచె లాగుకొన్నది. చేతి నేర్పు కావలసిన బట్ట చేమగ్గానికే మిగిలింది. కొత్త పనిముట్టు తాను బాగా చేయగల పనిని మాత్రమే పాతదాని నుండి తీసుకుంటుందని దీనివలన తెలుస్తున్నది.

ఈ సూత్రాన్ని ఆటలకు అన్వయించి చూడవచ్చు. మన దేశంలో చాలా ఇండ్లకు కంప్యూటరు రాకముందే ఫోను వచ్చింది. 2017-18లో జరిపిన జాతీయ నమూనా సర్వేలో నూటికి సుమారు 11 కుటుంబాలకే కంప్యూటరు ఉన్నట్లు తేలింది. పట్టణాలను మాత్రమే లెక్కించినా ఆ సంఖ్య సుమారు 23. ఇంతలో 2016లో జియో సేవలు మొదలై ఇంటర్నెట్ చవకైంది. కంప్యూటరు లేని ఇంటిలో ఫోను దేనినీ తొలగించలేదు. ఖాళీగా ఉన్న చోటికి వచ్చి కూర్చున్నది, అంతే.

పబ్జీ ఆట కథ దీనికి మంచి నిదర్శనం. ఆ ఆట 2017లో కంప్యూటరు మీద వెలువడింది. 2018లో దాని మొబైల్ రూపం వచ్చింది. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో ఆ మొబైల్ రూపం ఉన్నది. కంప్యూటరులో ఆడే ఆట ఆ జాబితాలో లేదు. అయినా దేశమంతటా ‘పబ్జీ పోయింది’ అనే అన్నారు. మన పిల్లలకు పబ్జీ అంటే ఫోనులోని ఆటే!

ఇందుకు కారణాలు స్పష్టమే. ఒకే గదిలో అయిదారుగురు ఉండే ఇంటిలో కంప్యూటరు బల్లకు చోటెక్కడ? పన్నెండు గంటల పాళీ చేసి వచ్చే సాంచె కార్మికుడు ఆటల కోసం ఖరీదైన యంత్రాన్ని కొనగలడా? ఫోను అలా కాదు. మాట్లాడటానికి, డబ్బు పంపటానికి, పాట వినటానికి ఎలాగూ కావాలి. ఆట దానితోపాటు ఉచితంగా వచ్చినట్లే. కరెంటు పోయినా ఆట ఆగదు.

అయినా ఫోనుకు కొన్ని హద్దులున్నాయి. తెర చిన్నది, ఆడే వేళ్లే ఆ తెరను కప్పుతాయి. ఎక్కువసేపు ఆడితే ఫోను వేడెక్కి నెమ్మదిస్తుంది. కంప్యూటరుకు పెద్ద తెర, మౌసు, కీబోర్డు ఉంటాయి. గురి, వేగం ముఖ్యమైన ఆటల్లో వాటి సౌలభ్యం వేరు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు తొలిసారిగా పతకాలిచ్చారు. అక్కడ లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2 వంటి ఆటలను కంప్యూటర్ల మీద, అరేనా ఆఫ్ వేలర్ వంటి ఆటలను ఫోన్ల మీద ఆడారు. ఒకే వేదిక మీద రెండింటికీ స్థానం లభించింది.

అన్నింటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. దుకాణంలో బట్ట కొనేవారికి దాని వెనుక ఉన్న సాంచె కనబడదు. కండెలు చుట్టినవారు కనబడరు. అంతమాత్రాన అవి లేవనగలమా? ఫోనులోని ఆట కూడా అటువంటిదే. నూరుగురు ఆటగాళ్లను ఒకచోట కలిపి, ఎవరు గెలిచారో లెక్క చూసేవి సర్వర్లనే కంప్యూటర్లు. ఆటలోని బొమ్మలు గీసేదీ, కోడ్ రాసేదీ ముఖ్యంగా కంప్యూటర్ల మీదనే. ఫోను ఆటగాడి చేతిలోని కంప్యూటరును తొలగించవచ్చు గాని, ఆటను నేసే కంప్యూటరును తొలగించలేదు.

ఫోనుతో మరొక చిక్కు కూడా ఉన్నది. కంప్యూటరు ఒకచోట ఉంటుంది. లేచి వస్తే ఆట ముగుస్తుంది. ఫోను జేబులోనే ఉంటుంది. ఇంటి డబ్బు కూడా అందులోనే ఉంటుంది. ఆటకూ పందేనికీ మధ్య దూరం ఒక వేలి తాకిడంతే. డబ్బు పందెపు ఆటల వలన కుటుంబాలు చితికిపోవడం చూసి, 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. చట్టం ఒక్కటే చాలదు. ఎంతసేపు ఆడాలో ఇంటిల్లిపాదీ కలిసి నియమం పెట్టుకోవాలి.

కాబట్టి ఆడేవారిలో ఎక్కువమంది ఇకముందు కూడా ఫోనులోనే ఆడుతారు. అందులో తప్పు లేదు. కాని ‘ఫోను ఉన్నది కదా, ఇక కంప్యూటరు ఎందుకు?’ అనడం మాత్రం సరికాదు. ఫోను మాత్రమే తెలిసిన పిల్లవాడు ఇతరులు నేసిన బట్టను కొనేవానివంటివాడు. కంప్యూటరు నేర్చిన పిల్లవాడు మగ్గం దగ్గర కూర్చున్నవాడు. ప్రతి ఇంటా కంప్యూటరు కొనడం సాధ్యం కాదు గనుక, ఆ లోటు తీర్చవలసింది బడి. బడిలోని కంప్యూటరు గది తాళం వేసి ఉండకూడదు; వారానికి కొన్ని గంటలైనా ప్రతి బాలుడూ, ప్రతి బాలికా కీబోర్డు ముందు కూర్చోవాలి. తరతరాలుగా దారాన్ని బట్టగా మార్చిన ఇండ్ల పిల్లలు ఆటను ఆడటంతోనే ఆగిపోకూడదు. ఆటను నేయడం కూడా నేర్చుకోవాలి.