గూడ్స్ పెట్టెలు ఏం పనికొస్తాయని అడిగారు కదా

పోయిన నెల ఇక్కడ ఓహాయోలో మా స్నేహితురాలి సీమంతానికి వెళ్లాం. భోజనాల దగ్గర పిల్లల కబుర్లు మొదలయ్యాయి. ఒకరి అబ్బాయి రోబోటిక్స్, ఒకరి అమ్మాయి కూచిపూడి అరంగేట్రం, ఇంకొకరి పిల్లలు స్పెల్లింగ్ బీ. నా వంతు వచ్చింది. "మా అమ్మాయి పాత గూడ్స్ బండ్ల పెట్టెలకి మోడల్స్ చేస్తుందండీ. వాటి చరిత్ర వెతుకుతుంటుంది" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దావిడ, ప్రేమగానే అడిగారు. "ఆడపిల్లకి గూడ్స్ బండ్ల పిచ్చేమిటమ్మా? రేపు ఏం పనికొస్తుంది?"

నేనేమన్నానో తెలుసా? "ఏదో టైంపాస్ లెండి. టెన్త్ గ్రేడుకొస్తే అదే మానేస్తుంది" అని నవ్వేశాను. మా అమ్మాయి పక్క టేబుల్ దగ్గరే ఉంది. విన్నది. ఇంటికి వచ్చేదాకా కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇవాళ రాస్తున్నాను. కాస్త ఘాటుగానే ఉంటుంది. ఆ ఘాటులో సగం నా మీదే అనుకోండి.

ముందు అసలు ఆ పని ఏమిటో చెప్తాను. ఇది బ్యాటరీ వేస్తే గుండ్రంగా తిరిగే రైలు బొమ్మ కాదు. అసలు పెట్టెని 87 వంతులు చేస్తే అందులో ఒక వంతు కొలత దీనిది. నలభై అడుగుల బాక్స్‌కార్ అయిదున్నర అంగుళాలు అవుతుంది. మా అమ్మాయి తన షెల్ఫుకి ఒక కాలం పెట్టుకుంది: 1948 అక్టోబరు. ఆ నెలలో అమెరికా పట్టాల మీద తిరిగి ఉండగలిగిన పెట్టెలే ఆ షెల్ఫులో ఉండాలి. ఇక చూడండి తంటా. పాతకాలం పెట్టెల కింద ఇనప బద్దీలు బోల్టులతో బిగించిన చక్రాల చట్రాలు ఉండేవి. అవి విరిగి ప్రమాదాలు జరుగుతున్నాయని, ఒక కంపెనీ పట్టాల మీంచి ఇంకో కంపెనీ పట్టాల మీదకి అలాంటి పెట్టెలు వెళ్లకూడదని 1940ల మొదట్లోనే ఆపేశారు. కాబట్టి ఎంత ముద్దుగా ఉన్నా వేరే కంపెనీ పెట్టె కింద ఆ చట్రం పెట్టడానికి వీల్లేదు. పెట్టె పైకప్పు మీద పొడుగునా నడవడానికి ఒక బద్ద ఉంటుంది. 1966 నుంచి కొత్త పెట్టెలకి అది పెట్టడం మానేశారు. 1948 పెట్టెకి మాత్రం అది ఉండి తీరాలి. పక్కన తెల్ల అక్షరాలతో కంపెనీ గుర్తు, నంబరు, ఖాళీ బరువు, ఆఖరిసారి ఎప్పుడు ఎక్కడ తూచారో ఆ తేదీ. చీమ తలంత అక్షరాలు! అందులో ఏ ఒక్కటీ "సుమారుగా" ఉండకూడదు.

ఈ పిల్ల నన్ను రోజుకి పదిసార్లు అడిగే ప్రశ్న "నీకెలా తెలుసు?" మొదట్లో ఎదురు చెప్తోందనుకుని కసిరేదాన్ని. తర్వాత అర్థమైంది, అది తనని తానే అడుక్కునే ప్రశ్న. పెట్టెకి ఎర్ర మట్టి రంగు వేసేముందు అడుగుతుంది, నిచ్చెనకి ఎన్ని మెట్లో అతికించేముందు అడుగుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వైద్యాన్నీ నమ్మి నలుగురికి పంపించే మన ఇళ్లల్లో పద్నాలుగేళ్ల పిల్ల "ఆధారం ఏమిటి?" అని అడుగుతుంటే, ఏం పనికొస్తుందని ఆ పిల్లని అడిగే అర్హత మనకుందా?

ఆ పైకప్పు బద్ద సంగతి విన్నాక నేను దాన్ని అలంకారంగా చూడలేకపోయాను. అన్ని పెట్టెలకీ కలిపి పనిచేసే గాలి బ్రేకులు రాకముందు, బ్రేకులు వేసే మనిషి పరుగెడుతున్న బండి పైకప్పుల మీద, వానలో, మంచులో, ఒక పెట్టె మీంచి ఇంకో పెట్టె మీదకి దూకుతూ చేతి చక్రాలు తిప్పేవాడు. రెండు పెట్టెల్ని కలపాలంటే మధ్యలో నిలబడి, కడియాన్ని చేత్తో పట్టుకుని, మేకు దించాలి. క్షణం తప్పితే వేళ్లు పోయేవి. ఒక్కోసారి ప్రాణమే. గాలి బ్రేకుకి వెస్టింగ్‌హౌస్ 1869లో, దానంతట అదే బిగుసుకునే కప్లింగుకి జానీ 1873లో పేటెంట్లు తీసుకున్నారు. అయినా కంపెనీలు ఖర్చని వెనకాడాయి. లొరెంజో కాఫిన్ అని అయోవా రైతు ఒకాయన, తన కళ్ల ముందు ఒక మనిషి వేళ్లు పోవడం చూసి, ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పోరాడాడు. 1893కి చట్టం వచ్చింది. పూర్తిగా అమలవడానికి 1900 దాకా పట్టింది. మా అమ్మాయి పట్టకారుతో అతికించే ఆ సన్నటి తీగ పిడి ఉందే, చట్టంలో ఆ పిడి గురించి కూడా ఉంది. ఎన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు రాత్రిళ్లు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే వచ్చిన పిడి అది!

వంటింటి సంగతి చెప్పకపోతే మన బ్లాగు కాదు కదా. ఆ షెల్ఫులో నాకు ఇష్టమైనది ఒక నారింజ రంగు పెట్టె. పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ అని, 1906లో రెండు రైలు కంపెనీలు కలిసి పెట్టిన సంస్థది. కాలిఫోర్నియా పళ్లు, కూరలు దేశం అటు చివరకి మోసుకెళ్లేది. పెట్టెకి రెండు చివర్లా మంచు గదులు, పైన మూతలు. అన్నీ కలిపి సుమారు అయిదు టన్నుల మంచు పట్టేది. దారిలో అది కరిగిపోతుంటే మధ్య మధ్య స్టేషన్లలో మనుషులు పొడుగాటి అరుగుల మీద నిలబడి మంచు దిమ్మల్ని ఆ మూతల్లోంచి మళ్లీ నింపేవాళ్లు. జనవరి చలిలో న్యూయార్క్ ఇల్లాలు పిల్లాడికి కమలాపండు వొలిచి పెట్టిందంటే దాని వెనక ఇంతమంది చేతులున్నాయి. రైలింజను గురించి పాటలు కట్టారు. ఈ మంచు మూత గురించి ఎవరు కట్టారు?

నా అసలు వాదన ఇక్కడే. రైళ్ల చరిత్రలో ఇంజను పెళ్లికొడుకు. అందరూ దానికే ఫోటోలు తీశారు. గూడ్స్ పెట్టె ఆ ఫోటో అంచున, సగం తెగి, మసగ్గా ఉంటుంది. స్మిత్‌సోనియన్‌లో క్యూరేటరుగా పనిచేసిన జాన్ వైట్ అనే చరిత్రకారుడు 1968లో ఇంజన్ల మీద పుస్తకం వేశారు. 1978లో ప్రయాణికుల పెట్టెల మీద వేశారు. గూడ్స్ పెట్టెల పుస్తకం వచ్చింది 1993లో. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆయనైనా రాశారు. కానీ ఆ వరస చూడండి. లాగేది ముందు, ఎక్కేవాళ్లు తర్వాత, మోసేది ఆఖరున.

ఈ వరస మీకెక్కడైనా తగిలిందా? నాకు మా ఇంట్లోనే తగిలింది. మా నాన్న ఉద్యోగం ఎప్పుడొచ్చింది, ఎక్కడెక్కడికి బదిలీ అయింది, అన్నీ తేదీలతో సహా అందరికీ తెలుసు. మా అమ్మ ఆ బదిలీలన్నిట్లో ఆవకాయ జాడీలు పగలకుండా ఎలా సర్దిందో ఎవరికీ తెలీదు. మా అమ్మమ్మ పెళ్లి ఫోటో ఉంది. ఆవిడ నలభై ఏళ్లు వండిన వంటింటి ఫోటో ఒక్కటి లేదు. "ఏం పనికొస్తుంది" అనే ఆ కొలబద్దే మన పనిని కూడా లెక్కలోంచి కొట్టేసింది. అదే కొలబద్ద పట్టుకుని మన ఆడపిల్లల్ని కొలవడం అంటే కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే.

ఒకరోజు మా అమ్మాయి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టిన పాత ఫోటోలు వెతుకుతోంది. జాక్ డెలానో అనే ఆయన యుద్ధకాలంలో, 1942-43లో, ప్రభుత్వం తరఫున తీసిన రైల్వే ఫోటోలు. షికాగో యార్డుల్లో వరసగా నిలబడ్డ పెట్టెల రంగులు, రాతలు చూడటానికి వెళ్లింది. "అమ్మా, ఇలా రా" అని పిలిచింది. అయోవాలోని క్లింటన్‌లో, 1943 ఏప్రిల్లో తీసిన ఫోటో. తలలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తున్నారు. ఇంజన్లు తుడిచి శుభ్రం చేసే పని వాళ్లది. ఆ ఫోటో ముందు మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఆడపిల్లకి రైళ్లేమిటని అడిగారు కదా. ఈ ఆడవాళ్లనీ అప్పుడు ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఖర్చు ఉంది. నిజమే. అందుకే నెలకి ఒక కిట్, అదీ ఎక్కువగా సెకండ్ హ్యాండ్. టైము పడుతుంది. అదీ నిజమే, ఫోన్ చూసే టైములోంచి తగ్గుతోంది. "అమెరికా వాళ్ల పాత పెట్టెలు మనకెందుకు? మన చరిత్ర కాదుగా?" అని మా ఆడపడుచు అడిగింది. దీనికి జవాబు నేను చెప్పనక్కర్లేకుండా మా నాన్న చెప్పారు.

మా నాన్న గుంతకల్లులో గూడ్స్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మనవరాలితో ఫోన్లో ఆయన మాట్లాడేది రెండే ముక్కలు. "ఏం పాపా, బాగుండావా? బాగా చదువుకో." తర్వాత ఫోన్ మా అమ్మ చేతికి. ఈ వేసవిలో ఇది అడిగింది. "తాతా, మీ వ్యాగన్ల పక్కన ఏం రాసుండేది?" అటు వైపు నిశ్శబ్దం. తర్వాత మొదలుపెట్టారు. ఖాళీ బరువు ఎక్కడ రాస్తారు, ఎంత సరుకు పడుతుందో ఎక్కడ రాస్తారు, రిపేరుకి షాపుకి తిరిగి పంపాల్సిన తేదీ ఎక్కడ ఉంటుంది, తలుపుకి సీలు ఎలా వేస్తారు. మీటరు గేజి పెట్టెల్లో వచ్చిన శెనిక్కాయ బస్తాల్ని హమాలీలు వీపుల మీద బ్రాడ్ గేజి పెట్టెల్లోకి ఎలా మార్చేవాళ్లు. "ఒగ బస్తా చినిగితే లెక్క నేను చెప్పాల పాపా" అన్నారు. నలభై నిమిషాలు! మా నాన్న ఏం పని చేశారో నాకు నలభై ఆరేళ్లొచ్చాక, నా కూతురి పుణ్యమా అని తెలిసింది. నేనెప్పుడూ అడగలేదు. గూడ్స్ క్లర్కు ఉద్యోగంలో అడగడానికి ఏముంటుందిలే అనుకున్నాను. ఇంజను డ్రైవరయ్యుంటే అడిగేదాన్నేమో.

ఇంకో రకం వాళ్లున్నారు. వాళ్లు ఇంకా ప్రమాదం. "అయితే బాగుందే! కాలేజీ అప్లికేషన్లో రాయించండి, చాలా డిఫరెంట్‌గా ఉంటుంది" అంటారు. దయచేసి వద్దు. పిల్లలు తమ కోసం చేసుకునే పని ఒక్కటైనా మిగలనివ్వండి. అది కూడా సర్టిఫికెట్ అయిపోతే, అడ్మిషన్ వచ్చిన మర్నాడే షెల్ఫు ఖాళీ అయిపోతుంది.

ఇక నా తప్పు. పోయిన ఏడాది లెక్కల్లో మార్కులు తగ్గితే, ఆ పెట్టెలన్నీ ఒక అట్టపెట్టెలో వేసి గరాజ్‌లో పెట్టేశాను. పాత తువ్వాలు ఒకటి మధ్యలో కుక్కాను, అంతే. మూడు నెలల తర్వాత తీస్తే మూడింటికి నిచ్చెనలు విరిగిపోయాయి. ఏడవలేదు. రెండు బాగుచేసుకుంది. మూడోది అలాగే షెల్ఫులో పెట్టింది. మార్కులు అప్పుడేం పెరగలేదు, తర్వాత ట్యూషన్‌తో పెరిగాయి. దుమ్ము దులిపేటప్పుడల్లా ఆ మూడోది నా చేతికి వస్తుంది.

సీమంతంలో అడిగిన ఆంటీగారికి ఈ పోస్టు లింకు పంపిస్తున్నాను. ఆవిడ మంచావిడ, ఏమీ అనుకోరు. నా జవాబు ఇదండీ: అది టైంపాస్ కాదు, టెన్త్ గ్రేడులో మానెయ్యక్కర్లేదు. ఈ మాట మా అమ్మాయి ముందు కూడా చెప్పాను. "సరేలే" అని తలూపి, జిగురు ఆరిందో లేదో చూసుకుంది.

మీరు కూడా ఈ ఆదివారం మీ నాన్నకో, అత్తగారికో ఫోన్ చెయ్యండి. ఆరోగ్యం, మాత్రలు అయ్యాక, మీరు పని చేసేచోట రోజూ చేతిలో ఏముండేది అని అడగండి. అత్తగారినైతే వంటింటి గురించి అడగండి. చేతిలో కాగితం, పెన్ను ఉంచుకోండి.