గేట్లు లెక్కపెట్టినవాళ్ళం

2023 నవంబరు 30. బెంగళూరు నగర్తపేటలో మా చీరల కొట్టు షట్టరు ఇంకా సగమే లేపాను, ఫోన్ మోగింది. మేనల్లుడు. ఆంధ్రా పోలీసుశాఖలో కానిస్టేబులు. రాత్రికి రాత్రి బస్సెక్కించి నాగార్జునసాగర్ డ్యాము మీదికి తోలుకుపోయినారట. "చలి మామా, రాత్రంతా నిలబడే ఉండాము" అన్నాడు. నేను అడిగిన మొదటి మాట: "ఎన్ని గేట్లు మనకొచ్చినాయిరా?"

26లో 13. అక్కడ ముళ్ళకంచె వేశారు. ఇవతల ఆంధ్ర పోలీసులు, అవతల తెలంగాణ పోలీసులు. ఆ రోజే తెలంగాణలో పోలింగ్. కుడి కాలువకు నీళ్ళు వదిలారు. ఇదంతా పది గంటలలోపే మా ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. పిల్లవాడికి చలేస్తోందన్న మాట మాత్రం రాయలేదు.

ఇది నా ఒక్కడి తప్పయితే ఇంట్లో చెప్పుకుని ఊరుకునేవాణ్ణి. మేమందరం చేశాం కాబట్టి రాస్తున్నాను. మేమంటే రెండు రాష్ట్రాలకూ బయట, ఈ పేటలో బతికే తెలుగువాళ్ళం. గల్లాపెట్టె దగ్గర కన్నడం, ఇంట్లో తెలుగు. గద్వాల చీరా ధర్మవరం చీరా ఒకే అరలో పెట్టి అమ్ముకునేవాళ్ళం. గద్వాల చీర విప్పితే, తెలిసిన కొనుగోలుదారు ముందుగా వేలు పెట్టి చూసేది నూలు ఒంటికీ పట్టు అంచుకీ మధ్య అతుకును. అది వదులైతే చీర పక్కన పడేస్తారు. ఇంత తెలిసినవాళ్ళం మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ చోటే చూడలేదు.

2014 ఫిబ్రవరి 18న, టీవీ ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు పాసైంది. మా పక్క కొట్టాయనది గద్వాల. ఆయన మిఠాయి తెచ్చాడు, నేను ముట్టలేదు. నాలుగు నెలలు కలిసి టీ తాగలేదు. విడిపోవడం తప్పని నేనిప్పుడు అనను. వాళ్ళ ఏళ్ళ నాటి గోడు మేము చెవిన పెట్టలేదన్నది కూడా మా ఖాతాలోదే. కానీ వేరు పడ్డాక ఇరుగుపొరుగుగా ఎలా ఉండాలి, ఆపదొస్తే ఎవరికెవరు కాపు అన్నది ఒక్క పూటైనా మాట్లాడుకున్నామా? హైదరాబాదు ఎవరిది, అప్పులెవరివి, విభజన చట్టంలోని తొమ్మిదో, పదో షెడ్యూళ్ళ సంస్థలెవరివి. ఎంతసేపూ పంపకమే.

అదే చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది. నక్సలైట్లతో పోరాడే పోలీసు దళం గ్రేహౌండ్స్‌కు హైదరాబాదులో ఉన్న శిక్షణ కేంద్రాన్ని మూడేళ్ళపాటు కేంద్ర ప్రభుత్వం నడపాలి, రెండు రాష్ట్రాలవాళ్ళూ అక్కడే కలిసి నేర్చుకోవాలి. ఆ తరవాత అది తెలంగాణది. ఆంధ్రకు అలాంటిదే కట్టుకోవడానికి ఢిల్లీ సాయం చేయాలి. జవాన్లను మాత్రం ఎటు పోతారో అడిగి పంచాలి. 2017 జూన్‌తో మూడేళ్ళూ తీరిపోయాయి, ఆంధ్రకు శిక్షణ కేంద్రం తయారు కాలేదు. ఆ ఉమ్మడి ఏర్పాటు ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండని మాలో ఒక్కరూ అడగలేదు. ఇక్కడికొచ్చిన నాయకులకు శాలువాలు కప్పాం, ఉగాది సభలు పెట్టాం, అది మాత్రం అడగలేదు. అసలా సెక్షన్ నేను చదివిందే డ్యాము గొడవ తరవాత.

గ్రేహౌండ్స్ దళాన్ని 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ నిలబెట్టారు. 1993 జనవరిలో ఆయనను ఎల్బీ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద పోతున్న జవాన్లపై మావోయిస్టులు గుట్టల మీంచి దాడి చేశారు. 38 మంది పోయారు. నీళ్ళలోంచి శవాలు తీయడానికే రోజులు పట్టింది. అప్పుడు మా కొట్లో పేపరు చుట్టూ చేరి చదువుకున్నాం. ఎవరిది ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు. ఆరేళ్ళు తిరక్కుండానే అడగడం నేర్చాం. గ్రేహౌండ్స్ మీద బూటకపు ఎన్‌కౌంటర్ల ఆరోపణలున్నాయి, అడవి బిడ్డల ఏడుపుంది, వాటిని నేను కొట్టిపారేయడం లేదు. అయితే మావోయిస్టులను ఒకచోట తరిమితే పక్క రాష్ట్రంలో తేలే పోరు అది. పొరుగువాడి కబురు లేకుండా అడుగు పడదు. అధికారులకు ఆ సంగతి తెలుసు, అడవి విషయంలో మాట కలుపుకుంటూనే ఉన్నారు. తెలియనట్టు ఉండిపోయింది మేమే.

వేరుపడేటప్పుడు కాపు సంగతి మరిచింది మేమొక్కరమే కాదు. బ్రిటన్ 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. ఆ ఏడాది చివర కుదిరిన ఒప్పందంలో వర్తకం ఉంది, రక్షణ మీద అధ్యాయం లేదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా పడ్డాక ఆ లోటు తెలిసొచ్చింది. 2024 అక్టోబరులో జర్మనీతో రక్షణ ఒప్పందం చేసుకున్నారు. 2025 మే 19న లండన్‌లో యూనియన్‌తోనే భద్రత, రక్షణ భాగస్వామ్యం మీద సంతకాలయ్యాయి. వాళ్ళది భాషకో దేశం. మాకు భాష కూడా అడ్డం కాదే!

ఇరుగుపొరుగు కలవకపోతే ఏమవుతుందన్న పాఠం మా పేటకు కొత్త కాదు. 1791 మార్చి 7న ఇంగ్లీషువాళ్ళ కార్న్‌వాలిస్ సేన టిప్పు సుల్తాను చేతిలోని ఈ పేటను పట్టుకుంది, 21న కోట పడింది. టిప్పు మీద ఇంగ్లీషువాళ్ళ పక్కన చేరింది ఎవరు? ఇరుగుపొరుగే. మరాఠాలు, హైదరాబాదు నిజాం. టిప్పు సీమలో నిజాం వాటాకొచ్చిన బళ్ళారి, కడప, మా అనంతపురం ప్రాంతాలను 1800లో అదే నిజాం ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. దేనికి? తన కాపలాకు పెట్టుకున్న ఇంగ్లీషు పటాలం ఖర్చుకు. వాటినే దత్తమండలాలని చిన్నప్పుడు బళ్ళో చదివి మార్కులు తెచ్చుకున్నాను. మా ఊరు ఒకరి కాపలా జీతంగా పోయిందని అప్పుడు తట్టలేదు.

సాగర్ మీద 2015 ఫిబ్రవరిలోనే రెండు రాష్ట్రాల పోలీసులు కొట్టుకున్నారు. 2021 జులైలో కరెంటు ఉత్పత్తి తగాదాకు మళ్ళీ మోహరించారు. ప్రతిసారీ మేము టీవీ ముందు క్రికెట్ చూసినట్టు చూశాం. 2023లో డ్యామును కేంద్ర బలగాల చేతికి అప్పజెప్పాల్సి వచ్చింది. సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు పరాయివాళ్ళు కారు, మన దేశపు బిడ్డలే. అయినా ఇద్దరు తెలుగు కానిస్టేబుళ్ళ మధ్య తుపాకితో మూడోవాణ్ణి నిలబెట్టాల్సి రావడం చూసి నాకు సిగ్గేసింది. అంతకు రెండు రోజుల ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి కాబట్టి ఇంకా సిగ్గేసింది.

ఆ నవంబరు 30 సాయంత్రం పక్క కొట్టాయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గేట్ల సంగతి ఎత్తుతాడని కాచుకుని ఉన్నాను, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"అన్నా, మీ అల్లుడు ఆడనే ఉన్నడంట గదా. పిల్లగాడు ఏమన్న తిన్నడా?"

నాకు తెలియదు. నేను అడగలేదు.