కారు బొమ్మ కొనాలా, అచ్చు తీయాలా?

పిల్లలూ! వైజ్ఞానిక ప్రదర్శన దగ్గర పడితే మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా కొందరు చేసే పని ఒకటే. బజారులో కారు బొమ్మ కొని, పేరు రాసిన అట్ట పక్కన నిలబెడతారు. దాని మెరుపు చూసి బహుమతి ఇచ్చే పెద్దలూ ఉన్నారు. నన్నడిగితే, వంకరగా వచ్చినా సరే, సొంతంగా అచ్చు తీసి చేసిన కారుకే ఎక్కువ మార్కులు పడాలి. ఎందుకంటారా?

గాడిలో పరుగెత్తే కార్ల ఆట గురించి విన్నారా? 1957లో ఇంగ్లండులో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 'స్కేలెక్‌స్ట్రిక్' పేరుతో దీన్ని ప్రదర్శించాడు. బాటలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ లోహపు పట్టీలు ఉంటాయి. కారు అడుగున ఉన్న పలుచని బద్ద గాడిలో దిగి దారి చూపుతుంది. పట్టీల నుంచి మోటారుకు విద్యుత్తు అందుతుంది. సరదా ఉన్నవారు ఈ కార్లకు బాడీ తామే కట్టుకుంటారు. ఒక బొమ్మ ముందు భాగాన్ని, ఇంకోదాని వెనుక భాగాన్ని కోసి అతికి కొత్త రూపం తెస్తారు. దానిపై సిలికోన్ రబ్బరు పోసి అచ్చు తీసి, అందులో రెజిన్ పోస్తారు. విడివిడిగా చెక్కిన ముక్కలను చింతగింజల జిగురుతో అతికే కొండపల్లి బొమ్మల వారికి ఈ అతుకుల పని కొత్తేమీ కాదు.

రెజిన్ మాత్రం మీకు వద్దు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది. మందంగా పోస్తే లోపలి వేడి బయటికి పోలేక పొగలు కూడా రావచ్చు. చర్మానికీ, ఊపిరికీ మంచిది కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పాత వార్తాపత్రికలు చాలు.

అడుగున మన ఊరి పలక పెట్టండి. ఈ రాయి పొరలుగా చీలుతుంది కనుక చదునుగా ఉంటుంది. (పలకను అరగదీసి పొడి చేయకండి. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.) దానిమీద బంకమట్టితో లారీ రూపం చేసి, చుట్టూ అట్టగోడ కట్టండి. నీళ్ళలో ప్లాస్టర్ చల్లి, కలిపి పోయండి. నీటితో కలిసి జిప్సంగా మారుతూ అదీ వేడెక్కుతుంది, చెయ్యి అందులో ఉంచకండి. గట్టిపడ్డాక మట్టి తీసేస్తే అచ్చు సిద్ధం. లోపల నూనె పూసి, మొదటి పొర కాగితాన్ని ఉత్త నీటితోనూ, తర్వాతి పొరలను మైదా జిగురుతోనూ అంటించండి. ఎండాక లాగండి.

రాలేదా? మీ లారీకి అడుగుకంటే నడుము వెడల్పై ఉంటుంది! రబ్బరు అచ్చయితే వంగి దారి ఇస్తుంది, ప్లాస్టర్ ఇవ్వదు. కొన్న బొమ్మ ఈ సంగతి ఎన్నడూ చెప్పదు.

ఇక మలుపు సంగతి. వేగం రెట్టింపైతే అదే మలుపు తిరగడానికి కావలసిన అభికేంద్ర బలం నాలుగు రెట్లవుతుంది. బాడీ పైభాగం బరువైతే గరిమనాభి పైకి జరిగి కారు తేలిగ్గా బోల్తా పడుతుంది. కాగితపు బాడీకి ఇక్కడే లాభం. కావాలంటే బండిని పలకపై అడ్డంగా నిలిపి, జారకుండా చక్రాల దగ్గర పుల్ల అడ్డుపెట్టి, పలకను మెల్లగా వాల్చండి. ఎన్ని డిగ్రీల దగ్గర పడిందో కోణమానినితో కొలవండి. బాడీ మార్చి మళ్ళీ చూడండి.

న్యాయనిర్ణేతలు మొదట "అచ్చు ఏదీ?" అని అడగాలని నా కోరిక. మీరు కూడా విరిగిన బాడీలను దాచకుండా బల్ల మీదే పెట్టండి. ఏది ఎన్ని డిగ్రీల దగ్గర పడిందో పక్కనే రాయండి.