పునాది స్తంభానికి ఉప్పు పరీక్ష

మన డేరా వంటి తీరపు ఇసుకనేలల్లో ఎత్తయిన భవనాలకు పైల్ పునాదులే ఆధారం. నిలువు బరువును పైల్ తన పూర్తి లోతుతో మోస్తుంది. గాలి, భూకంపాల పక్కతోపును మాత్రం ప్రధానంగా పైభాగమే ఎదుర్కొంటుంది. పొడవైన పైల్‌కు దాని వంపుబలమే హద్దని 1964లో బ్రామ్స్ గణించి చూపారు. ఆ బలం ముఖ్యంగా లోపలి ఉక్కుది.

బుర్జ్ ఖలీఫా స్థలంలో భూగర్భజలపు క్లోరైడు 4.5 శాతం వరకు ఉండవచ్చని దాని ఇంజనీర్లు పేర్కొన్నారు. సాధారణ సముద్రజలంలో అది సుమారు 2 శాతమే. క్లోరైడు ఉక్కుపైనున్న రక్షణపొరను ఛేదిస్తుంది. తుప్పుకు కావలసిన ప్రాణవాయువు అధికంగా అందేదీ పైభాగాననే!

కావున తొలినాటి బలాన్ని మాత్రమే లెక్కించడం అసంపూర్ణమని నా అభిప్రాయం. విశాఖ, కాకినాడ తీరాల్లో కష్టార్జితంతో ఇల్లు కట్టబూనే ప్రవాసులు మట్టిపరీక్షతోపాటు భూగర్భజల పరీక్షనూ తప్పక కోరాలి.