బాల్కనీ కావాలా... నేల టిక్కెట్టు చాలా?

సినిమా హాలు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ – ఒకప్పుడు మన హాళ్ళన్నిటికీ ఇవే తరగతులు. జేబులో డబ్బులున్నవాడు పైన, లేనివాడు కింద. పైకి పోయినకొద్దీ రేటూ ఎక్కువ, సుఖమూ ఎక్కువ. ఈ లెక్క మన బుర్రల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, ఓడలో గది తీసుకోవాల్సి వచ్చినా అదే లెక్క వేస్తాం. అక్కడే పప్పులో కాలేస్తాం!

ఇప్పుడీ ఓడ గొడవెందుకంటారా? మొన్న ఆదివారం మా నేరేడ్‌మెట్ క్రాస్‌రోడ్స్‌లో టీ తాగుతున్నాను. ఒక కుర్రాడు దగ్గరికొచ్చి, "సార్, మీరు ఓడ మీద పోయొచ్చిండ్రంట గదా! మా ఇంట్లో అందరం మొదటిసారి ముంబై నుంచి గోవా పోతున్నం. మా అక్క బాల్కనీ రూమే కావాలంటుంది. నాన్న ఏమో అంత పైసలు ఎందుకంటుండు. ఏది తీసుకోవాలో జర చెప్పరాదు" అన్నాడు. సినిమా కబుర్లు అడుగుతాడనుకుంటే ఓడ కబుర్లు అడిగాడు! సరే, కూర్చోబెట్టి ఇంకో టీ చెప్పాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

2022 జూన్ మాట. విశాఖపట్నం నుంచి 'ఎంప్రెస్' అనే ఓడ చెన్నై వైపు వెళ్తోందని పేపర్లో పడింది. కార్డీలియా వాళ్ళ ఓడ. 1990లో ఫ్రాన్స్‌లో కట్టినప్పుడు దాని పేరు 'నార్డిక్ ఎంప్రెస్'. పొడవు సుమారు 211 మీటర్లు, గదులు ఇంచుమించు 800. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికెళ్ళే లాంచీ తప్ప ఇంకో పడవ ఎరగని కుటుంబం మాది. సికింద్రాబాదు వాళ్ళకి సముద్రం ఎక్కడిది చెప్పండి? సఫిల్‌గూడ చెరువునే మినీ ట్యాంక్‌బండ్ అని మురిసిపోయే జనం మేము!

పేపరు చూడగానే మా అమ్మాయి ఎగిరి గంతేసింది. 2015లో వచ్చిన 'దిల్ ధడక్‌నే దో' హిందీ చిత్రం దానికి కంఠతా వచ్చు. అందులో సగం కథ ఓడ మీదే గదా! "నాన్నా, బాల్కనీ ఉన్న రూమే! పైన! చివర్లో!" అని ఒకటే పాట. మా వాడికి స్విమ్మింగ్ పూల్ పక్కనే గది కావాలి. మా ఆవిడకి బిల్లు తక్కువ కావాలి. మిగిలింది అమ్మ.

అమ్మకి అప్పుడు డెబ్భై మూడేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. యాదగిరిగుట్ట బస్సెక్కితే ఘట్‌కేసర్ దాటకుండానే నిమ్మకాయ వాసన చూడాల్సిన మనిషి. అటువంటామెని ఓడెక్కించడం ఏమిటని చుట్టాలందరూ నన్ను చీవాట్లు పెట్టారు. కానీ వస్తానని పట్టుబట్టింది ఆమే.

కారణం ఉంది. అమ్మవాళ్ళది కాకినాడ. మా తాత, అంటే అమ్మ నాన్న, పద్దెనిమిదేళ్ళ వయసులో కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళాడు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాల నుంచి వేలకొద్దీ జనం అలాగే వెళ్ళేవాళ్ళు, బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ కూలికి. వాళ్ళకి గదులూ గిదులూ ఏమీ లేవు. డెక్కు టిక్కెట్టు! ఆరుబయట చాప పరుచుకుని, వానొస్తే తడిసి, ఎండొస్తే ఎండి, అలా పోవడమే. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చేసరికి లక్షల మంది మనవాళ్ళు అడవుల గుండా కాలినడకన తిరిగొచ్చారు. తాతా అందులో ఒకడు. ఓడలో పోయినవాడు నడిచి ఇల్లు చేరాడన్నమాట. అమ్మ పుట్టింది ఆ తరవాత. ఆ సముద్రం కథలు వింటూ పెరిగింది గానీ ఆ నీళ్ళ మీద ఒక్కసారైనా అడుగుపెట్టలేదు.

ఆమె సుఖంగా వెళ్ళి రావాలి. మధ్యలో పడుకుండిపోతే, ఆ కోరిక అక్కడితో సరి. ఇంకోసారి తీసుకెళ్ళే వయసూ కాదు, నా జేబూ అంతంతే. గది ఎక్కడ అన్నది మా ఇంట్లో అంత పెద్ద విషయమైపోయింది.

మా నేరేడ్‌మెట్‌లో, పక్కనున్న సైనిక్‌పురిలో రాయి విసిరితే ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయనకి తగులుతుంది. మా వీధిలో ఉన్నాయన నేవీ. పిల్లలు 'నేవీ తాతగారు' అంటారు. ఓడ పటం – దాన్ని డెక్ ప్లాన్ అంటారట – కాగితం మీద దింపుకుని ఆయన దగ్గరికెళ్ళాను.

"ఏమోయ్, ఆర్డినరీ బస్సులో వెనక సీట్లో కూర్చున్నావా ఎప్పుడైనా?" అన్నారు.

కూర్చోకేం! స్పీడ్‌బ్రేకర్ వస్తే నెత్తి టాపుకి తగులుతుంది.

"ఓడా అంతే. పార్కులో సీసా బల్ల చూశావుగా, రెండు చివర్లూ లేస్తాయి, పడతాయి. నడిమధ్య కదలదు. అల ఎదురుగా వస్తే ఓడ ముక్కు లేస్తుంది, తోక దిగుతుంది. నడుం దగ్గరున్నవాడికి ఏమీ తెలీదు. ఇహ పక్కకి ఊగడం. తాటిచెట్టు గాలికి ఊగితే ఎక్కడ ఎక్కువ ఊగుతుంది? తలకాయ దగ్గర. మొదట్లో ఊగదు. కాబట్టి కింద, మధ్యలో. మీ అమ్మగారికి అంతకు మించిన చోటు ఓడ మొత్తంలో లేదు."

మరి ఇంతంత పెద్ద ఓడలకి ఊగకుండా ఏవో ఉంటాయంటారే, అన్నాను. ఉంటాయిట. నీటి అడుగున ఓడ డొక్కకి రెండు పక్కలా చేప రెక్కల్లాంటివి. అవి పక్క ఊపుని చాలావరకు తగ్గిస్తాయి గానీ, ముందుకీ వెనక్కీ లేచిపడే ఊపుని అంతగా ఆపలేవు. పైగా మేం వెళ్ళేది జూన్‌లో. నైరుతి గాలులు లేచే రోజులు. విశాఖ నుంచి చెన్నైకి ఓడ పోయేదీ ఇంచుమించు నైరుతి దిక్కుకే. అంటే అల ఎదురొస్తుంది!

నాకు వెంటనే 'టైటానిక్' గుర్తొచ్చింది. 1998లో ఆ చిత్రం మన దగ్గరికి వచ్చినప్పుడు చూడని కుర్రకారు లేరు. అందులో రోజ్ ఫస్టు క్లాసు, జాక్ మూడో క్లాసు. అసలు టైటానిక్‌లో, అంటే 1912 నాటి నిజం ఓడలో, ఫస్టు క్లాసు గదులు ఎక్కడుండేవో తెలుసా? నడిమధ్య! మూడో క్లాసు వాళ్ళని రెండు చివర్లకీ తోసేశారు. ఒంటరి మగవాళ్ళని ముందు వైపు, ఆడవాళ్ళనీ కుటుంబాలనీ వెనక వైపు. ఊపు ఎక్కడ తక్కువో ఆ దొరలకి బాగా తెలుసు మరి! ఇప్పటి ఓడల్లో మధ్యలో ఉన్న గదులు మామూలువాళ్ళకీ దొరుకుతాయి. మనమేమో బాల్కనీ కోసం పైకీ చివరికీ పరిగెడతాం.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే అమ్మాయి ముఖం మాడ్చుకుంది. "అయితే కిటికీ కూడా లేని చీకటి కొట్లో పడేస్తావా?" అంది. నిజమే, ఓడ లోపలి వరసలో కిటికీలేని గదులుంటాయి. చవక. మా ఆవిడ కళ్ళు మెరిశాయి! కానీ దాంట్లో దీపం ఆర్పితే పగలో రాత్రో తెలీదు. కడుపులో తిప్పేవాళ్ళకి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసేచోటు చూస్తుంటే కాస్త నిదానిస్తుందట. చీకట్లో ఆ దారీ లేదు. అన్నిటికీ మించి, సముద్రం చూడ్డానికొచ్చే మనిషికి గోడ చూపిస్తామా?

చివరికి కింది అంతస్తులో, మధ్యకి దగ్గరగా, కిటికీ ఉన్న గదులు రెండు, పక్కపక్కన. కిటికీ తెరుచుకోదు. అద్దమే. బాల్కనీ సూట్ ఒకటి తీసుకుని ఐదుగురం ఇరుక్కునే బదులు ఇది మేలని ఇంట్లో ఓటింగు పెడితే నాలుగు ఓట్లు పడ్డాయి. ఐదో ఓటు ఎవరిదో చెప్పక్కర్లేదు!

ఆ కుర్రాడు ఇక్కడ, "ఇగ అయిపోయినట్టే గదా సార్" అన్నాడు. అవలేదు నాయనా. మధ్యలో, కింద అంటే సరిపోదు. నీ నెత్తి మీద ఏముందో, నీ కాళ్ళ కింద ఏముందో పటంలో చూసుకోవాలి. మా వాడు కోరిన స్విమ్మింగ్ పూల్ కింద గది తీసుకుంటే తెల్లవారకముందే కుర్చీలు బరబరా ఈడుస్తారు. డాన్సు హాలు పక్కనైతే అర్ధరాత్రి దాకా డప్పు. వంటశాల పక్కనైతే గిన్నెల మోత. పైనా కిందా కూడా గదులే ఉన్న వరస చూసుకో, హాయి. ఓడ ముక్కు దగ్గర లంగరు గొలుసు దింపితే పిడుగు పడ్డట్టుంటుంది. తోక దగ్గర ఇంజను వణుకు. పెద్దవాళ్ళుంటే లిఫ్టుకి నాలుగైదు గదుల దూరంలో తీసుకో. మరీ ఆనుకుని వద్దు, వచ్చేపోయేవాళ్ళ ముచ్చట్లన్నీ నీకే వినపడతాయి.

ఇంకో తమాషా. కొన్ని కిటికీల ముందు ప్రాణరక్షక పడవలు వేలాడుతుంటాయి. టూరింగ్ టాకీసులో స్తంభం వెనక సీటు దొరికినట్టు! పటంలో చిన్న గుర్తు ఉంటుంది, అడిగి కనుక్కోవాలి. మాకు టిక్కెట్లు ఇచ్చిన ఏజెంటు, పేరెందుకులెండి, "నంబరు మేమే తరవాత ఇస్తాం, తక్కువలో వస్తుంది" అన్నాడు. అలా తీసుకుంటే మేం ఒక మూల, అమ్మ ఒక మూల పడొచ్చు. కుర్రాళ్ళు నలుగురు స్నేహితులు పోతే ఆ బేరం బాగుంటుంది. ముసలివాళ్ళూ పిల్లలూ ఉంటే ససేమిరా వద్దు. నంబరు మనమే ఏరుకోవాలి.

అలా నంబర్లు ఏరుతుంటే అప్పటిదాకా మాట్లాడని అమ్మ, "ఒరేయ్ అబ్బాయ్, రంగూన్ ఏ వైపుంటుందిరా?" అంది.

ఏజెంటు నవ్వాడు. "ఏ వైపైనా నీళ్ళేనమ్మా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. విశాఖ నుంచి చెన్నైకి పోయేటప్పుడు మన ఒడ్డు కుడి చేతివైపు, తూర్పు ఎడమ చేతివైపు. సూర్యోదయం ఎడమ. బర్మా ఎడమ. ఓడవాళ్ళ భాషలో ఎడమ వైపుని పోర్ట్ అంటారు, కుడి వైపుని స్టార్‌బోర్డ్. మేం రాసుకున్న రెండు నంబర్లూ కుడివైపువి! కొట్టేసి, మళ్ళీ మొదటికొచ్చి, ఎడమ వైపు వెదికాం. కాస్త మధ్య నుంచి జరగాల్సి వచ్చింది. జరిగాం.

(కుడి ఎడమలంటే గుర్తొచ్చింది. కామెరాన్ మెక్సికోలో 'టైటానిక్' సెట్టు వేసినప్పుడు ఓడ కుడివైపు మాత్రమే కట్టించాడు. కానీ రేవులో ఆ ఓడ ఆగింది ఎడమ పక్కన. ఏం చేశాడు? బోర్డుల మీద అక్షరాలు తిరగరాయించి షూటింగ్ చేసి, తరవాత ఫిలిమ్‌ని అద్దంలో బొమ్మలా తిప్పేశాడు! మనకి టిక్కెట్టు కొన్నాక తిప్పేసే వీలుండదు, ముందే చూసుకోవాలి.)

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ చేరాం. ఇప్పుడక్కడ ఓడ ప్రయాణికులకి పెద్ద టెర్మినల్ ఉంది, 2023లో ప్రారంభించారు. మేం ఎక్కినప్పటికి అది పూర్తికాలేదు. ఓడ కదిలాక మొదటి గంట అమ్మ మంచం మీంచి లేవలేదు. డాక్టరు ఇచ్చిన మాత్ర ముందే వేశాం. అల్లం ముక్క దవడన పెట్టుకుంది. రాత్రి భోజనం దగ్గర పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసు కొంచెం కొంచెం జరుగుతోంది. పిల్లలిద్దరూ గోడలోంచి దిగే పై బెర్తులెక్కి పడుకున్నారు, రైల్లో లాగే. అమ్మాయి బాల్కనీ ఊసే మరిచిపోయి, సముద్రం చూడ్డానికి పై డెక్కు మీదే రాత్రి పదకొండు దాకా గడిపింది. ఆ డెక్కు అందరిదీ. దానికి వేరే టిక్కెట్టు లేదు. ఈ సంగతి మీ అక్కకి తప్పకుండా చెప్పవోయ్, అన్నాను కుర్రాడితో.

మీరు ముంబై నుంచి గోవా పోయేటప్పుడు లెక్క తిరగబడుతుంది. పోతున్నప్పుడు ఒడ్డు ఎడమవైపు, సూర్యాస్తమయం కుడివైపు. వచ్చేటప్పుడు మళ్ళీ తారుమారు. ఏది చూడాలో ఇంట్లో ముందే అడుక్కోండి.

తెల్లవారుజామున ఐదు కాకముందే మెలకువొచ్చి అమ్మ గదిలోకి తొంగిచూశాను. వాంతి లేదు, తలనొప్పి లేదు. కిటికీ పక్కన మంచం మీద మఠం వేసుకుని, అద్దానికి నుదురానించి కూర్చుని ఉంది. బయట ఇంకా నల్లగానే ఉంది. ఒక్కచోట మాత్రం నీళ్ళ అంచున బూడిదరంగు గీత.

"పడుకోలేదా అమ్మా?"

"ఎంతసేపట్నుంచో కూర్చున్నాన్రా. మా నాన్న ఇక్కడే ఎక్కడో చాప మీద పడుకుని పోయుంటాడు గదా" అంది. కాసేపాగి, "చెన్నై ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

ఇంకా చాలా టైముందన్నాను.

"మెల్లిగానే రానీ" అని మళ్ళీ అద్దం వైపు తిరిగింది.