"రక్తం తక్కువ" అన్నది జబ్బు పేరు కాదు



మన హాస్టళ్లలో ఎవరు నీరసంగా ఉన్నా, ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయినా, మొహం పాలిపోయినా అందరూ అనే మాట ఒక్కటే: "రక్తం తక్కువ." వార్డెన్ గారు అదే అంటారు, ఏఎన్‌ఎం అక్క అదే అంటుంది, ఇంటికెళ్తే అమ్మ కూడా అదే అంటుంది. ఐరన్ మాత్ర ఇస్తారు, ఆకుకూర తినమంటారు, అక్కడితో అయిపోతుంది. అక్కడితో అయిపోకూడదని చెప్పడానికే ఈ పోస్ట్.

మేము డాక్టర్లం కాదు, డిగ్రీ చదివే హాస్టల్ పిల్లలం. మా ఇళ్లలో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. అందుకే ఊర్లో ఎవరికి బాగోకపోయినా రిపోర్టు కాగితం మా చేతికే ఇస్తారు, "చదువుకున్నారు కదా, ఏముందో చూడండి" అని. మీలో చాలామందికీ ఇదే పని పడుతుంటుంది. అందుకని రక్తహీనతకీ, లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కీ తేడా మనందరికీ తెలిసి ఉండాలి.

మన రక్తంలో ముఖ్యంగా మూడు రకాల కణాలు ఉంటాయి. ఎర్రకణాలు ఆక్సిజన్ మోస్తాయి. తెల్లకణాలు రోగాలతో పోరాడతాయి. ప్లేట్‌లెట్లు దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టేలా చేస్తాయి. ఈ మూడూ తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. డాక్టర్లు దాన్నే బోన్ మ్యారో అంటారు.

ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత, అంటే ఎనీమియా. ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. గర్భిణులకి ఆ లెక్క 11. కారణాలు చాలా ఉంటాయి: తిండిలో ఐరన్ చాలకపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, కడుపులో కొంకిపురుగులు, మన ఏజెన్సీలో మలేరియా, పుట్టుకతో వచ్చే సికిల్ సెల్, తలసేమియా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత ఎక్కువమందికి ఉండటం వల్లే దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

లుకేమియా సంగతి వేరు. ఇందులో మూలుగలోనే తేడా వస్తుంది. ఎదగని, పనికిరాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోయి మూలుగంతా నిండిపోతాయి. మంచి కణాలు తయారవడానికి చోటు ఉండదు. ఎర్రకణాలు తగ్గి నీరసం, ఆయాసం, పాలిపోవడం వస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతుంది, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు పడతాయి. మంచి తెల్లకణాలు తగ్గి జ్వరం మళ్లీ మళ్లీ వస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. లుకేమియా ఉన్నవాళ్లలో చాలామందికి హిమోగ్లోబిన్ కూడా తక్కువే ఉంటుంది. వేలి మీద సూది గుచ్చి మీటర్లో చూస్తే "8" అని వస్తుంది. ఐరన్ తక్కువైన పిల్లకి కూడా "8" అనే వస్తుంది. ఆ ఒక్క అంకె చూసి ఎవరికి ఏముందో ఎవరూ చెప్పలేరు.

మా హాస్టల్లో ఇంటర్ చదివే ఒక చెల్లికి ఇలాగే జరిగింది. మూడు నెలలు మాత్రలు మింగింది. జ్వరం వస్తూ పోతూ ఉంది. పళ్లు తోముకుంటే రక్తం, తొడల మీద నల్లటి మచ్చలు. చూపించిన ప్రతిసారీ "సరిగ్గా తినట్లేదు" అని పంపించేశారు. చివరికి వాళ్ల నాన్న విశాఖ తీసుకెళ్తే అక్కడ పూర్తి రక్త పరీక్ష చేశారు, ఆ తర్వాత మూలుగ పరీక్ష కూడా చేశారు. లుకేమియా అని తేలింది. ఇప్పుడు వైద్యం నడుస్తోంది. మూడు నెలల క్రితమే ఒక్క పరీక్ష చేసి ఉంటే బాగుండేది కదా అన్నదే మా బాధ.

ఆ పరీక్ష పేరు సీబీసీ. చాలా ఏరియా ఆసుపత్రుల్లో చేస్తారు. అందులో హిమోగ్లోబిన్‌తో పాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల లెక్క కూడా వస్తుంది. పెద్దవాళ్లకి తెల్లకణాలు మామూలుగా 4,000 నుంచి 11,000, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఐరన్ లోపం మాత్రమే అయితే సాధారణంగా ఈ రెండూ పెద్దగా చెడవు. లుకేమియాలో తెల్లకణాలు బాగా పెరగొచ్చు, కొందరికి తగ్గొచ్చు కూడా. అందుకే అనుమానం ఉంటే రక్తపు చుక్కని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడాలి. దాన్ని స్మియర్ అంటారు. అక్కడ తేడా కనబడితే మూలుగ పరీక్షతో ఖాయం చేస్తారు.

ఇది చదివి ఎవరూ భయపడొద్దు. రక్తం తక్కువ ఉన్నవాళ్లలో లుకేమియా ఉండేది చాలా చాలా కొద్దిమందికే. ఐరన్ లోపం ముదిరి బ్లడ్ క్యాన్సర్‌గా మారుతుందని మన ఊర్లలో అంటుంటారు, అది నిజం కాదు. బ్లడ్ క్యాన్సర్ అంటువ్యాధి కూడా కాదు. ఆ మనిషికి కంచం, గ్లాసు వేరు చేసి పెట్టడం అన్యాయం.

ఐరన్ మాత్రలు వద్దని మేము చెప్పట్లేదు. మానకుండా వేసుకోండి. కానీ సరిగ్గా వేసుకున్నా నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము కూడా పెరగలేదంటే కారణం వేరే ఉందేమో చూడాల్సిందే. మన ఆదివాసీల్లో అది సికిల్ సెల్ కావచ్చు. దానికి ఐరన్ మందు కాదు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు వాళ్లందరూ ఆ పరీక్ష చేయించుకోండి.

మాత్రలతో పాటు జ్వరం తగ్గకపోయినా, చిగుళ్ల రక్తం, కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, మెడలోనో చంకలోనో గడ్డలు ఉన్నా నెల రోజులు ఆగకండి. వెంటనే సీబీసీ అడగండి. దిసారి దగ్గరికి వెళ్తామని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్లతో గొడవ పడొద్దు. "అక్కడికీ వెళ్దాం, ముందు ఈ పరీక్ష చేయిద్దాం" అని ఒప్పించండి.

లుకేమియా అని తేలినా ఆశ వదులుకోవాల్సిన పని లేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకానికి వైద్యం మొత్తం సరిగ్గా అందే దేశాల్లో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఆ వైద్యం రెండు మూడేళ్లు పడుతుంది, ఖర్చులకో దూరానికో భయపడి మధ్యలో ఆపితేనే ప్రమాదం. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ క్యాన్సర్ వైద్యానికి వర్తిస్తాయి.

మేము అడిగేది పెద్ద కోరికేమీ కాదు. హాస్టల్ హెల్త్ క్యాంపులో హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చిన ప్రతి విద్యార్థికీ సీబీసీ, సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. రిపోర్టు కాగితం విద్యార్థి చేతికే ఇవ్వాలి. నెల తర్వాత మళ్లీ చూడాలి. పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపే బండి ఐటీడీఏ చూసుకోవాలి. మీ హాస్టల్లో ఇవి జరుగుతున్నాయో లేదో కింద రాయండి. అందరివీ కలిపి పీవో గారికి అర్జీ పెడదాం.

జై ఆదివాసీ.